బోరింగు నీరీయనపుడు



మా కర్నూలు, కడప మండలములలో బోరింగు అన్నచో చేతిపంపు అని అర్థము. భూమిని తొలుచు పనికి గల ఆంగ్లనామమును, తొలిచినచోట నిలిపిన యంత్రమునకు మావారు తగిలించిరి. ఆలంకారికులు దీనిని లక్షణ యని సమర్థింపవచ్చును. అది యటులుండనిండు. ఆ బోరింగు మొరాయించినపుడు మావారనునది ఒక్కటే మాట: "బోరు ఎండిపోయింది." ఈ మాట కొన్నియెడల నిజమే. కాని పెక్కుమార్లు ఎండినది భూమి కాదు, చెడినది పంపు. ఈ భేదము నెరుగక మంచి బోరును విడిచి, చందాలు వేసికొని, ప్రక్కనే మరియొకటి వేయించిన యూళ్లు కలవు.

వీధులలో మనకు విశేషముగా కనబడునది ఇండియా మార్కు 2 అను పంపు. 1970వ దశాబ్దమున యూనిసెఫ్ తోడ్పాటుతో ఇది రూపొందెను. అంతకు ముందరి పోతయినుప పంపులు ఒక కుటుంబము వాడుకకు చేసినవి. ఊరంతయు కొట్టగా తాళలేకపోయెను. దీనిలో పైన పిడియు గొలుసును, లోపల గొట్టములును, వాని నడుమ కడ్డీలును, అడుగున నీట మునిగిన సిలిండరును ఉండును. సిలిండరులో రెండు కవాటములు: ఒకటి పిస్టనులో, మరియొకటి అడుగున. పిడి నొక్కగా పిస్టను లేచి తనపైనున్న నీటి నెత్తును. అపుడు అడుగు కవాటము తెరచుకొని క్రొత్తనీటిని లోనికి రానిచ్చును. పిడి లేచునపుడు అది మూసికొని, వచ్చిన నీటిని జారనీయదు. పిస్టనును చుట్టియుండు వాషర్లు పూర్వము తోలువి, ఇప్పుడు రబ్బరువి.

వైద్యుడు నాడి చూచినట్లు ఈ యంత్రమునకు పిడిని పట్టి చూడవలెను. పిడి ఉన్నట్టుండి తేలికయై, ఎంత కొట్టినను చుక్క పడనిచో కడ్డీ ఊడినది, లేక తెగినది. పిడి బరువు మామూలుగా నుండి, మొదటినుండియు ధార సన్నగా వచ్చుచున్నచో వాషర్లు అరిగినవి. బాగుగానున్న పంపు 40 మార్లు కొట్టిన సుమారు 15 లీటర్లు, అనగా ఒక పెద్దబిందె నీరీయవలెను.

నేను పులివెందుల ప్రాంతమున ఒక పల్లెలో పనిచేయునాడు వేసవి వచ్చినదన్న, హాజరుపట్టీలో ఆడపిల్లల పేళ్ల కెదుట సున్నలు నిండెడివి. అడిగినచో, "నీళ్లకు పోయింటి, అయివారూ" అనెడివారు. బడిముందరి బోరింగు ఎండినదని పెద్దలు తీర్మానించిరి. పిల్లలు మైలు దూరమున చేనిమోటారు కడకు, కరెంటు వచ్చు వేళను కనిపెట్టుకొని పోయెడివారు. పొరుగూరి మెకానిక్కు ఒకడు వచ్చెను. చదివినది అయిదవ తరగతి. తెల్లవారగనే ఎవ్వరినీ ముట్టనీయక తానే కొట్టుచు లెక్కపెట్టెను. ముప్పది దాటినపిదప నీరు పడెను. పడినపిమ్మట ధార నిండుగా సాగెను. అరగంట ఆగి మరల కొట్టెను. సరియైన పంపు నాలుగైదు మార్లలో నీరీయవలెను. ఇది ఇరువది దాటించెను. "నీళ్లుండాయి. నిలబడ్లేదు, అంతే" అనెను. అనగా అడుగు కవాటమో గొట్టపు అతుకో కారుచు, ఎత్తిన నీరంతయు మరల బోరులోనికి దిగిపోవుచున్నదని భావము. గొట్టములు పైకి లాగి చూడగా కవాటమున రాతిపొడి ఇరుకుకొని యుండెను. సాయంకాలమునకు బోరింగు పలికెను. మరునాటి హాజరు నాకిప్పటికిని జ్ఞాపకము.

నాలుగవ లక్షణము వేరు. నాలుగు బిందెలు చక్కగా నిండి, పిదప గాలి గురగురలాడి నీరాగి, గంట గడిచినపిమ్మట మరల వచ్చుచున్నచో పంపునందు దోషము లేదు. నీటిమట్టము సిలిండరుకు దిగినది. బోరులో లోతు మిగిలియున్న గొట్టములు చేర్చి సిలిండరును దింపవచ్చును. లోతు లేనిచో ఏ మరమ్మతును పనికిరాదు. చుట్టు చేలలోని బోర్లను చూడవలెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూగర్భజలమును గూర్చి దకార్గళాధ్యాయమే వ్రాసెను. ఒకే నీటికి పదిమంది బోర్లు దింపుదురని ఆయన యెరుగడు పాపము. 2002 నాటి వాల్టా చట్టము త్రాగునీటి బోరునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక క్రొత్తబోరు కూడదన్నది. పంచాయతీవారికి ఆ మాట చూపుడు.

కుళాయిలు వచ్చిన యూళ్లలోను కరెంటు పోయిననాడు బోరింగే దిక్కు. అర్జీలో "బోరు చెడినది" అని మాత్రము వ్రాయక, తెల్లవారి ఎన్నిమార్లు కొట్టగా నీరు పడినదో, ఎన్ని బిందెలకు ఆగినదో వ్రాసి పంపుడు. మెకానిక్కు తగిన సామానుతోనే వచ్చును.