ఎముకలకు వయసొస్తే వ్యాయామం ఏం చేస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు నేను వంతెనల గురించి చెబుతానని కార్యదర్శిగారు అనుకున్నారట. ముప్పై ఏళ్లుగా నా పని అదే. కానీ ఈ రోజు మనందరం పుట్టినప్పటి నుంచి మోసుకు తిరుగుతున్న కట్టడం గురించి, అంటే ఎముకల గురించి మాట్లాడదామని వచ్చాను. నేను డాక్టరును కాను. నాలుగేళ్ల కిందట మా అమ్మ స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగింది, ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తోంది. ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చుని మొదలుపెట్టిన చదువు ఇది. అందులో గట్టిగా రుజువైన విషయాలే మీ ముందు పెడతాను.

ముందుగా సారాంశం చెప్పేస్తాను. వ్యాయామం ఏ వయసులోనైనా మంచిదే. కానీ అన్ని వయసుల్లోనూ ఎముకకు అది ఒకే పని చేసిపెట్టదు. చిన్నతనంలో ఎముకను కడుతుంది. నడివయసులో కట్టినదాన్ని నిలబెడుతుంది. పెద్దవయసులో ముఖ్యంగా మనిషిని పడిపోకుండా కాపాడుతుంది. ఈ మూడు వయసుల వాళ్లూ ఇప్పుడు ఈ పందిట్లో ఉన్నారు కాబట్టి ముగ్గురితోనూ మాట్లాడతాను.

ఎముకకూ ఇంజనీర్లకూ చుట్టరికం పాతది. 1638లో గెలీలియో తన పుస్తకంలో రెండు ఎముకల బొమ్మలు వేసి, జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక పొడవుకు మించి లావు కావాలని చూపించాడు. 1866లో జ్యూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రవేత్త తొడ ఎముకను నిలువుగా కోసి, లోపలి సన్నని పలకల అమరికను చూపిస్తుంటే కార్ల్ కుల్మాన్ అనే ఇంజనీరు గుర్తుపట్టాడు. బరువెత్తే క్రేను చేతిలో బలాలు ఏ దారుల్లో ప్రయాణిస్తాయని తాను కాగితం మీద గీసేవాడో, ఎముకలో పలకలు దాదాపు ఆ దారుల్లోనే ఉన్నాయి. 1892లో జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ ఇంకో అడుగు ముందుకు వేసి, మోసే బరువు మారితే ఎముక తన ఆకారాన్ని కూడా మార్చుకుంటుందని పుస్తకం రాశాడు.

నేను కట్టే వంతెనకు ఈ విద్య రాదు. దాని మీద లారీలు ఎక్కువ తిరిగాయని స్తంభం లావెక్కదు. ఎముక ఆ పని ఎలా చేస్తుంది?

ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదివినవాళ్లకు వికృతి అనే మాట గుర్తుండే ఉంటుంది. బరువు పడితే వస్తువు ఎంతో కొంత నొక్కుకుంటుంది, లేదా సాగుతుంది. మనం పరిగెత్తినప్పుడు కాలి ఎముక మీటరుకు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల చొప్పున అలా మారుతుంది. కంటికి కనిపించదు. కానీ ఎముక లోపల ఆస్టియోసైట్లనే కణాలున్నాయి, ఒక మనిషిలో కొన్ని వేల కోట్లు. సన్నని కాలువల్లో చేతులు చాపి ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఎముక వంగినప్పుడల్లా ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలికను బట్టి కణాలు బరువును పసిగడతాయి. మామూలుగా అవి స్క్లెరోస్టిన్ అనే ప్రొటీనును విడుదల చేసి కొత్త ఎముక తయారీని అదుపులో ఉంచుతాయి. బరువు పడితే ఆ ప్రొటీను తగ్గుతుంది, కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. బరువే లేకపోతే దీనికి తలకిందులు. అంతరిక్షంలో ఉండే వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం పోగొట్టుకున్నారు.

అయితే ఎంత సేపు కష్టపడాలి? 1984లో క్లింటన్ రూబిన్, లాన్స్ లాన్యన్ అనే పరిశోధకులు కోడిపుంజుల రెక్క ఎముకకు కదలిక లేకుండా చేసి, రోజుకు లెక్కపెట్టి కొన్నిసార్లు మాత్రమే బరువు వేశారు. రోజుకు 4 సార్లు వేస్తే ఎముక తరగలేదు. 36 సార్లు వేస్తే పెరిగింది. అంతకన్నా ఎన్ని వందలసార్లు వేసినా అదనపు లాభం కనిపించలేదు. ఎముక కణాలు ఒకే చప్పుడు మళ్లీమళ్లీ వింటే పట్టించుకోవడం మానేస్తాయి. కొన్ని గంటల విశ్రాంతి ఇస్తే మళ్లీ వింటాయి. కాబట్టి ఎముకకు కావలసింది గంటల కొద్దీ మెల్లగా సాగే శ్రమ కాదు. కాసేపే అయినా చురుగ్గా ఉండే గెంతు, దూకుడు, బరువు ఎత్తడం.

ఇక వయసు సంగతి. అదే రూబిన్ బృందం 1992లో టర్కీ కోళ్ల మీద ఇంకో ప్రయోగం ప్రచురించింది. ఏడాది వయసు కోళ్లకూ, మూడేళ్ల వయసు కోళ్లకూ ఒకే బరువు, రోజుకు ఒకే సంఖ్య, ఎనిమిది వారాలు. చిన్న కోళ్ల ఎముక అడ్డుకోత వైశాల్యం దాదాపు 30 శాతం పెరిగింది. పెద్ద కోళ్ల ఎముక ఉన్నచోటే ఉంది. బరువు అదే, ఎముక వంగడమూ అంతే, కానీ జవాబు రాలేదు.

మనుషుల్లో తేడా ఇంత నిక్కచ్చిగా ఉండదు గానీ, దారి అదే. వయసు పెరిగేకొద్దీ బరువును పసిగట్టే కణాల సంఖ్య తగ్గుతుంది. కొత్త ఎముకను కట్టవలసిన మూల కణాల్లో చాలా భాగం కొవ్వు కణాలుగా మారిపోతాయి. ఆడవాళ్లలో మెనోపాజ్‌తో ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. దీనికి తోడు కండ కరుగుతుంది. ఎముక మీద పడే బలంలో పెద్ద వాటా కండ లాగే లాగుడుదే కనుక, కండ తగ్గితే ఎముకకు అందే కబురే చిన్నదవుతుంది. అసలే చెవి మందం, ఆపైన పిలిచే గొంతు కూడా సన్నగిల్లిందన్నమాట.

ఇప్పుడు ముందు వరుసలోని పిల్లలతో మాట్లాడతాను. పెద్దయ్యాక మీ ఒంట్లో ఉండబోయే ఎముక ఖనిజంలో సుమారు నాలుగోవంతు, మీరు గబగబా ఎత్తు పెరిగే రెండేళ్ల చుట్టూనే చేరుతుంది. ఆడపిల్లలకు పన్నెండు పదమూడేళ్లు, మగపిల్లలకు పదమూడు పద్నాలుగేళ్లు. అంటే సరిగ్గా ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు. 1995లో ఫిన్లాండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతులనూ పోల్చి చూశారు. పెద్దమనిషి కాకముందో, అయిన కొత్తలోనో ఆట మొదలుపెట్టినవాళ్లకు, ఆ తరువాత పదిహేనేళ్లు దాటాక మొదలుపెట్టినవాళ్లకన్నా ఆడే చేతిలో రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ లాభం కనిపించింది.

ఆట మానేస్తే ఆ లాభం పోదా? 2014లో అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్ల బంతి విసిరే చేతిని పరీక్షించారు. ఆట మానేసిన దశాబ్దాల తరువాత చూసినా, ఎముక పరిమాణంలో వచ్చిన లాభంలో సగం, బలంలో వచ్చిన లాభంలో మూడోవంతు నిలిచే ఉన్నాయి. దీనికి కారణం ఇంజనీరుకు తెలిసినదే. వయసులో ఎముక ఎక్కువగా లోపలి వైపు నుంచి తరుగుతుంది. చిన్నతనపు ఆట ఎముకను బయటి వైపుకు పెంచుతుంది. పలుచని గొట్టం తీసుకుని, గోడ మందం అలాగే ఉంచి వ్యాసం 10 శాతం పెంచండి. వంగకుండా తట్టుకునే బలం సుమారు 20 శాతం పెరుగుతుంది. మీరు ఈ గ్రౌండులో ఆడే కబడ్డీ, ఖోఖో, తొక్కుడుబిళ్ల, తాడాట అరవై ఏళ్ల తరువాత మిమ్మల్ని మోయబోయే గొట్టం వ్యాసాన్ని నిర్ణయిస్తున్నాయి.

రెండోది, నా ఈడువాళ్లతో. నలభై దాటినవాళ్లం ఎముకను కొత్తగా పెద్దగా కట్టలేం. ఏటా కొద్ది కొద్దిగా పోతూనే ఉంటుంది, మెనోపాజ్ చుట్టూ ఉండే కొన్నేళ్లలో ఆడవాళ్లకు ఇంకా వేగంగా పోతుంది. కానీ చెవి మందగించిందంటే పూర్తిగా వినపడదని కాదు, కొంచెం గట్టిగా పిలవాలి అంతే. ఆస్ట్రేలియాలో మెనోపాజ్ దాటి, ఎముక చిక్కదనం తక్కువగా ఉన్న నూటొక్క మంది స్త్రీల మీద ఒక అధ్యయనం జరిగింది. ఒక జట్టు శిక్షకుల కళ్లెదుట వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఎనిమిది నెలలు నిజంగా బరువైన బరువులు ఎత్తి, దూకుడు వ్యాయామం చేసింది. వాళ్ల నడుము ఎముక చిక్కదనం సుమారు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసుకున్న జట్టుకు సుమారు 1 శాతం తగ్గింది. శిక్షకుల కళ్లెదుట అన్న మాట మరిచిపోవద్దు. ఈ సభ అయ్యాక ఇంటికి వెళ్లి బియ్యం బస్తా ఎత్తకండి. డాక్టరును అడిగి, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకుని మొదలుపెట్టండి.

ఈత, సైకిలు గుండెకు ఎంతో మంచివి. కానీ నీళ్లలో ఒళ్లు తేలిపోతుంది, సైకిలు మీద బరువు సీటు మోస్తుంది. వాటికి తోడు మెట్లెక్కడం, బరువులు ఎత్తడం ఉండాలి. కట్టడానికి సామాను కూడా కావాలి కదా. పాలు, పెరుగు, రాగులు తినండి. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. ఎండ కాసే మన దేశంలో కూడా విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లు చాలామంది, కనుక డాక్టరు చెబితే ఆ పరీక్ష చేయించుకోండి.

మూడోది, మా గురువులతో. మాస్టారూ, టీచరుగారూ, మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. అయినా మా అమ్మకు చెప్పే మాటే మీకూ మనవి చేస్తాను. ఈ వయసులో ఉదయపు నడక మంచిదే, మానకండి. కానీ నడక ఒక్కదానితో ఎముక గట్టిపడదు. తుంటి విరిగినవాళ్లలో చాలా ఎక్కువమంది ముందు కిందపడ్డవాళ్లే. కనుక పడకుండా ఉండటమే ఎముకకు చేసే మొదటి సేవ. కాళ్ల బలానికీ, తూకానికీ చేసే వ్యాయామాల వల్ల పెద్దవాళ్లు పడిపోవడం దాదాపు నాలుగోవంతు తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు పది సార్లు. గోడ దగ్గర నిలబడి, పక్కన మనిషిని ఉంచుకుని, ఒంటికాలి మీద కాసేపు. అలవాటున్నవాళ్లు కింద కూర్చుని లేవడం మానుకోకండి. వెన్నుపూస గుల్లబారిందని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం నడుము వంచి బరువులు ఎత్తొద్దు. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రి దారిలో ఒక చిన్న బల్బు, జారని చెప్పులు. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు ఆసుపత్రిలో ఒక్క రోజు గది అద్దెకు రాదు. శిష్యులం ఊళ్లో ఇంతమందిమి ఉన్నాం. ఏ గురువుగారి ఇంట్లో కడ్డీ లేదో చెప్పండి, ఈ నెలలోనే వచ్చి బిగించే పూచీ మా బ్యాచిది.

చివరగా సంఘం ముందున్న విషయం. స్వర్ణోత్సవ కానుకగా ఆరు తరగతి గదులు కట్టించాలని మనం తీర్మానించుకున్నాం. అందుకు రెండు ప్రతిపాదనలున్నాయి. ఒకటి, గ్రౌండులో ఖోఖో కోర్టు ఉన్న వైపు కొత్త భవనం. రెండోది, పాత భవనం మీద ఇంకో అంతస్తు. పాత పునాది ఆ బరువును ఆపగలదా లేదా చూడమని నాకు అప్పగించారు. మట్టి పరీక్ష చేయించాను, స్తంభాలు చూశాను. ఆపగలదు. పై అంతస్తుకు ఖర్చు కొంత ఎక్కువవుతుంది, మెట్ల వరసకు అదనంగా చోటు కావాలి. ఆ లెక్కలు కమిటీకి ఇచ్చాను.

ఖర్చు తక్కువ కనుక గ్రౌండులోనే కట్టేద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, డబ్బు అందరిదీ. కానీ ఒక్కటి ఆలోచించండి. గది ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కట్టుకోవచ్చు. పిల్లల ఎముక కట్టుకునే రెండేళ్లు దాటిపోతే మళ్లీ రావు. నాకు యాభై ఆరేళ్లు. ఎన్ని లక్షలు పెట్టినా ఆ రెండేళ్లను నేనిప్పుడు కొనుక్కోలేను. మనం ఆడిన నేల వీళ్లకు ఉండాలి. పై అంతస్తుకు అదనంగా అయ్యే ఖర్చులో మా బ్యాచి వాటా ఎంతో రేపు ఉదయం సర్వసభ్య సమావేశంలో చెబుతాం. మిగతా బ్యాచీలూ ఆలోచించుకుని రావాలని మనవి. ఆటల పీరియడును లెక్కల క్లాసుకు ఇచ్చేయకుండా వారమంతా నడిపించమని ప్రధానోపాధ్యాయులను కూడా చేతులు జోడించి అడుగుతున్నాను.