ప్రశ్నోత్తరముల గంట

(ఎస్. రాయవరము పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాస పాఠము)



ఈ సర్వసిద్ధి రాయవరము గురజాడ అప్పారావుగారు 1862వ సంవత్సరమున జన్మించిన గ్రామము. ఇట్టి చోట కవిత్వమును గూర్చి ప్రసంగించుట వక్తకు సులభము, శ్రోతలకు సుఖము. నేను మాత్రము నీరసమని యెల్లరు తలచు విషయము నొకదానిని తెచ్చితిని. అది మన రాష్ట్ర శాసనసభలో దినదినమును జరుగు సామాన్య కార్యక్రమము. పొరుగున నున్న నర్సీపట్నపు ప్రతినిధి అయ్యన్నపాత్రుడుగారు 2024 జూన్ నెలలో సభాపతిగా నెన్నుకొనబడిరన్న వార్త యీ ప్రాంతమున వినని వారు లేరు. ఆ పీఠము నెదుట ప్రతిదినము జరుగు పని యెట్టిదో యెఱిగినవారు మాత్రము కొలది మంది.

సభ కూడిన దినమున మొదటి గంట ప్రశ్నోత్తరములకు. పిమ్మట ప్రభుత్వ పత్రములను సభ యెదుట నుంచుట, అత్యవసర విషయములను ప్రస్తావించుట, బిల్లులు, పద్దులు. వీనిలో పత్రికలు పెద్ద యక్షరములతో ప్రకటించునవి ఉపన్యాసములును కలహములును. నా దృష్టిలో సామాన్య పౌరునకు మిక్కిలి యుపకరించునది ఆ మొదటి గంట.

ఏలయో చెప్పెదను. ఒక యూర చెఱువు తూము చెడి మూడేండ్లయిన దనుకొనుడు. రైతులు అర్జీలిచ్చి విసిగిరి. ఆ నియోజకవర్గపు సభ్యుడు దానిని గూర్చి ప్రశ్న పంపెను. సభాపతి దాని నంగీకరించిన వెంటనే ప్రశ్న సచివాలయమునకు పోవును. శాఖ కలెక్టరు నడుగును. కలెక్టరు ఇంజనీరు నడుగును. ఇంజనీరు తూము నొద్దకు పోయి చూడవలసి వచ్చును. అర్జీకి కదలని కాగితము ప్రశ్నకు కదలును. మంత్రి లేచి ప్రత్యుత్తర మిచ్చుటకు ముందే సగము పని జరిగియుండును.

తక్కిన సగము ఉపప్రశ్నవలన జరుగును. మంత్రి చదువు ప్రత్యుత్తరము కార్యాలయమున వ్రాయబడినది. అది మా న్యాయస్థానములో సాక్షి దాఖలు చేయు ప్రమాణపత్రము వంటిది. దాని నిజానిజములు తేలుట అడ్డు ప్రశ్నల వలననే. "పని పరిశీలనలో నున్నది" యని మంత్రి చెప్పినప్పుడు, "ఎన్నడు మొదలిడిరి? ఎంత సొమ్ము మంజూరైనది? ఎన్నడు ముగియును?" అని సభ్యుడు లేచి యడుగును. అక్కడ వ్రాసి యుంచుకొన్న కాగితము చాలదు.

ఈ హక్కు మనకు ఊరక రాలేదు. 1861 నాటి శాసనము క్రింద సభ్యులకు ప్రశ్నించు నధికారమే లేదు. 1892లో ప్రశ్న యడుగుట కనుమతి వచ్చెను గాని ఉపప్రశ్నకు లేదు. 1909లో మొదట ప్రశ్నించిన సభ్యునకు మాత్రమే ఉపప్రశ్న హక్కు కలిగెను. 1919 సంస్కరణముల పిమ్మటగాని ఇతర సభ్యులకు లభింపలేదు. మెట్టు మెట్టుగా దీనిని సంపాదించుటకు మన పెద్దలకు దాదాపు అఱువదేండ్లు పట్టెను.

నేడు సభలో గందరగోళము చెలరేగి, మొదటి గంట గడచిపోయిన దినమున నేమగునో చూడుడు. ఆనాటి ప్రత్యుత్తరములు సభ యెదుట నుంచబడినట్లే భావింపబడును. కాగితము మిగులును, అడ్డు ప్రశ్న పోవును. సాక్షి బోను దిగి యింటికి పోవును. గెలుపెవరిదని పత్రికలు చర్చించును; చెఱువు క్రింది రైతు ఓడిన సంగతి యెవరికిని పట్టదు.

నిరసనయు ధర్మమే కదా యని మీరడుగవచ్చును. ధర్మమే. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. 1939లో కాంగ్రెసు మంత్రివర్గములు పదవులను విడనాడెను. కాని నాటి సభలు పరదేశి పార్లమెంటు చేసిన చట్టములవలన బుట్టినవి. నేటి సభ మన ఓటువలన బుట్టినది. ఒక దినము వెలుపలికి వచ్చుట నిరసన. ప్రతిదినము వెలుపలనే యుండుట పనిని వదలుకొనుట. అనుమతి లేక 60 దినములు గైరుహాజరైన సభ్యుని స్థానము ఖాళీ యైనదని సభ ప్రకటింపవచ్చునని రాజ్యాంగపు 190వ యధికరణము చెప్పుచున్నది. ఇది ఏ పక్షమునకైన నొక్కటే.

హాజరు విలువ నింకొక లెక్కతో జెప్పెదను. మన శాసనసభ సభ్యులు 175 మంది. పదియవ వంతు, అనగా 18 మంది, ఉన్న సభ నడువవచ్చును. సభాపతి మొదట ఓటు వేయడు. మిగిలిన 17 మందిలో 9 మంది ఔనన్నచో సామాన్యమగు తీర్మానము నెగ్గును. తొమ్మండుగురి మాట రాష్ట్రము మాట యగును! ఒక్క ఓటు చేయగల పనిని మనము చూచియే యున్నాము. 1954 నవంబరులో, కర్నూలున కూడిన ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో, టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ విషయమున ఒక్క ఓటుతో పడిపోయెను.

ఇక ధనము మాట. శాఖలు కోరు పద్దుల నంగీకరించుటకును, తగ్గించుటకును, నిరాకరించుటకును 203వ యధికరణము సభ కధికార మిచ్చినది. కాని చర్చకు దినములు పరిమితములు. కడపటి దినమున నియమితకాలము కాగానే, చర్చ జరుగని పద్దులన్నియు వరుసగా ఓటునకు బెట్టబడును. దీనికి గిలెటిన్ అని ఫ్రెంచివారి శిరచ్ఛేద యంత్రపు పేరు పెట్టిరి. కలహములలో గడచిన ప్రతి గంటయు కొన్ని శాఖలను ప్రశ్న లేకుండ దాటించును. పన్ను కట్టినది మనము. దాని వ్యయమును గూర్చి యొక్క మాటయైన వినకుండనే ఒప్పుకొన్నదియు మన పేరిటనే.

రెండు సమావేశముల నడుమ ఆఱు నెలలు మించరాదని రాజ్యాంగ నియమము. కొలది దినములు కూడి లేచినను అక్షరార్థము నెఱవేఱును. సభ లేని కాలమున గవర్నరు పేరిట అత్యవసర శాసనములు, అనగా ఆర్డినెన్సులు, వెలువడును. బీహారులో 1967 నుండి 1981 వఱకు 256 ఆర్డినెన్సులు వెలువడెను. వానిలో పెక్కింటిని సభకు దేకయే మరల మరల పొడిగించిరి. 1986లో సుప్రీముకోర్టు దీనిని రాజ్యాంగమునకు ద్రోహమని ఖండించెను. సభ పని మానినచోట అధికారము పని మానదు.

తప్పు సభ్యులదే యని చెప్పి యింటికి పోవుట న్యాయము గాదు. అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన యసమ్మతిని వ్రాసి పంపినది, చదువు జనులకందు భాషలో నుండవలెననియే. పూర్వము మద్రాసు సభ వ్యవహారము చాలవఱకు ఆంగ్లమున సాగెను. 1966లో తెలుగు అధికార భాషగా చట్టమైనది. నేడు సభలోని మాట తెలుగులో, తెరపై, మన యింటికే వచ్చుచున్నది. అయినను మనము చూచునది యేమి? ఎవరు ఎవరిని దూషించిరో యనునది. తూమును గూర్చిన ప్రశ్న రాగానే తెర నార్పివేయుదుము. చూచువారి రుచి నెఱిగియే ఆడువారు నాటకమాడుదురు.

కావున నేను కోరునది స్వల్పము. ఈ పఠనమందిరమున నొక పుస్తకము పెట్టుడు. ప్రతి సమావేశమునకును మూడు సంగతులు వ్రాయుడు: సభ యెన్ని దినములు కూడెను? మన సభ్యు డెన్ని ప్రశ్నలు వేసెను, వానిలో నెన్నింటికి నోట బలికిన ప్రత్యుత్తరము వచ్చెను? ఎన్ని పద్దులు చర్చలేక దాటెను? మనది పాయకరావుపేట నియోజకవర్గము. మన ప్రతినిధి, నేటి వారైనను రేపటి వారైనను, ఈ యూరికి వచ్చినప్పుడు పూలదండతోబాటు ఆ పుస్తకమును గూడ చేతికీయుడు. ప్రతినిధి మంత్రి యైనచో ప్రశ్న నడుగువారు గాక ప్రత్యుత్తర మీయవలసినవా రగుదురు. అప్పుడు ఆ లెక్కయే వ్రాయుడు.

మొదటి పుట నీ సాయంకాలమే గీయుడు. కలము నాయొద్ద నున్నది.