మానిన పిదప బ్రతుకు



రొమ్ము కాన్సరు పేరెత్తుటకు మన పల్లెలలో నేటికిని నోరు రాదు. వ్యాధి బయటపడిననాడు బంధువులందఱు చూడవత్తురు. పదునైదేండ్లు గడచిన పిదప ఆమె యెట్లున్నదని యడుగువారరుదు. ఈ ప్రసంగము ఆ మీది యేండ్లను గూర్చియే.

ఈ చికిత్సలో తెలుగువాని పాలు గలదు. 1895లో భీమవరమున జన్మించి 1948లో గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో నడపిన బృందమే మెథోట్రెక్సేటు అను మందును తయారుచేసెను. ఇటలీలోని మిలాన్ వైద్యులు 386 మంది రొమ్ము కాన్సరు రోగులను రెండు వర్గములు చేసి, శస్త్రచికిత్స పిదప ఒక వర్గమునకు మాత్రము దీనిని మఱి రెండు మందులతో కలిపి యిచ్చిరి. తొలి ఫలితములను 1976లో ప్రకటించి, అంతటితో ఊరకుండక, ఆ స్త్రీల యోగక్షేమములను రమారమి 30 ఏండ్లు కనిపెట్టి చూచిరి. మందు పుచ్చుకొన్నవారికి మేలే జరిగినది. అయినను చాల యేండ్లకు కొందఱికి వ్యాధి తిరుగబెట్టినది. ఐదేండ్లు దాటెను గదా, ఇక భయము లేదనుట సగము నిజమే. బాకీ చెల్లినదని చిట్టా చింపువాడు లెక్కలెఱిగినవాడు కాడు. నాటి ఆసుపత్రి కాగితములను భద్రపఱచవలెను. ఏటేట పరీక్షకు పోవలెను. మాత్రలు కొందఱికి 5 ఏండ్లు, కొందఱికి 10 ఏండ్లు కూడ వ్రాయుదురు. నొప్పి లేదని నడుమ మానరాదు.

చేయి సంగతి మఱింత ముఖ్యము. చంకలోని గ్రంథులు తీసినవారికి, నీరు పోవు త్రోవ తెగుటచే, ఎన్ని యేండ్లకైనను ఆ ప్రక్క చేయి వాయవచ్చును. మన సీమలో కంప కొట్టని యిల్లాలెవరు? తుమ్మముల్లు గుచ్చుకొన్న చిన్నగాయమే చీముపట్టి వాపునకు కారణమగును. పని మానుమనుట కాదు. చేయి ఆడింపకుండుటయు కీడే. గాయమును వెంటనే సబ్బుతో కడుగవలెను. చేయి ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము తగిలినచో ఆనాడే వైద్యుని జూడవలెను. వాచిన చేతికి కొలతప్రకారము బిగుతు తొడుగులు దొరకును. ఈ మాట చెప్పువారు లేక, గాజులు పట్టని చేతిని కొంగుచాటున దాచుకొని పెండ్లిండ్లకు పోవువారు గలరు.

సినీనటి గౌతమిగారు తమకు 35వ యేట ఈ వ్యాధి వచ్చినదని దాచక చెప్పిరి. లైఫ్ ఎగైన్ అను సంస్థను స్థాపించిరి. 2016లో ‘మనమంతా’ చిత్రమున నటించిరి. మన యిండ్లలో కూతురి పెండ్లికి అడ్డమని దాచెదరు. వంశమున దిగునది నూటికి 5 నుండి 10 మందికే. ఆ కొలదిమందిలో తన కూతురున్నచో, తల్లి దాచిన మాట ఆ బిడ్డకే ముప్పు. తెలిసిననే గదా ఆమె వైద్యునితో చెప్పి ముందుగా పరీక్ష చేయించుకొనును!

పూర్వము ఇట్టి వైద్యమునకు మద్రాసు పోవుచుండిరి. అడయారులో ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిచే 1954లో కాన్సరు ఆసుపత్రి వెలసినది. 2022లో తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర కాన్సరు ఆసుపత్రి తెఱచిరి. రాజంపేటనుండి ఉదయము బయలుదేరిన రాత్రికి ఇల్లు చేరవచ్చును. దారిఖర్చు కన్న తోడు లేకపోవుటయే పెద్ద చిక్కు. కొడుకునకు పని, కోడలికి పసిబిడ్డ, పెనిమిటికి “బాగానే యున్నావు గదా” యను మాట. ఆ యేటి పరీక్ష పై యేటికి పోవును.