బురద చెప్పే కబురు



విశాఖపట్నంలో చేపల రేవు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పక్కనే పెద్ద ఓడరేవు. 1933 నుంచి అక్కడికి ఓడలు వస్తున్నాయి. ఈరోజు ఓడల సంగతి కాదు, ఆ రేవు అడుగున ఉండే బురద సంగతి చెప్పుకుందాం. నవ్వకండి. బురదను చూసి నీటి ఆరోగ్యం చెప్పే చదువు ఒకటుంది. దాన్ని పర్యావరణ శాస్త్రం అంటారు.

ఊరగాయ జాడీలో బూజు కనబడితే మీరేమంటారు? "ఎవరో తడి గరిటె పెట్టారు" అంటారు. పెట్టినప్పుడు మీరు చూడలేదు. అయినా బూజు చెప్పేసింది. ఈ చదువు కూడా అలాంటిదే.

రేవు లోపలి నీరు బయటి సముద్రంలా బాగా కదలదు. ఊరి మురుగు, ఫ్యాక్టరీల నీరు గెడ్డల్లోంచి వచ్చి అందులో కలిశాయి. మురుగు కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలకు ఊపిరాడదు. ఈదగలిగినవి వెళ్లిపోతాయి. కదలలేనివి చచ్చిపోతాయి.

ఒక పురుగు మాత్రం ఓర్చుకుంటుంది. దాని పేరు కాపిటెల్లా. ఎర్రగా, దారప్పోగులా సన్నగా ఉంటుంది. 1970లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానికి చెందిన పి.ఎన్. గణపతి గారు, ఎ.వి. రామన్ గారు విశాఖ రేవు బురదలో ఈ పురుగుల్ని లెక్కపెట్టారు. మురుగు ఎక్కువున్న చోట ఇవి గుంపులుగా ఉన్నాయి. మిగతా జీవాలు తగ్గిపోయాయి. ఒకటి రెండు కనబడితే భయం లేదు. ఎక్కడ చూసినా అవే ఉంటే ఆ నీటికి జబ్బు చేసినట్టే.

నీటినే పరీక్ష చేయొచ్చు కదా అంటారేమో. చేస్తారు. కానీ రాత్రి వదిలిన మురికి తెల్లారేసరికి పోటుకో పాటుకో కొట్టుకుపోవచ్చు. పురుగు ఎక్కడికీ పోదు. నెలల తరబడి ఏం జరిగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. చేపలమ్మే అక్కకి నీటి వాసన ముందే తెలుసు. కానీ వాసన తగిలిందంటే ఆఫీసులో ఎవరు వింటారు? లెక్క రాసి చూపిస్తే కాదనడం కష్టం.

మీ అమ్మాయి ఈ చదువు చదవాలంటే పదో తరగతి తర్వాత ఇంటర్‌లో బై.పి.సి. తీసుకోవాలి. తర్వాత బి.ఎస్సీ. చదవాలి. ఆపైన ప్రవేశ పరీక్ష రాస్తే ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఎమ్మెస్సీ చదవొచ్చు. మొక్కలు, జంతువులే కాదు, రసాయన శాస్త్రం కూడా బాగా రావాలి. అది కాస్త కష్టమే.

"ఆడపిల్లకి బురదలో పనేమిటి?" అని ఇంట్లో ఎవరైనా అంటారు. మరి వరినాట్లు వేసేది ఎవరు?

అక్కడ పని ఇలా ఉంటుంది. పడవ మీద వెళ్లి అడుగు నుంచి బురద తీస్తారు. సన్నని జల్లెడలో పోసి కడుగుతారు. పైన మిగిలిన జీవాల్ని ఏరి సీసాలో మందునీళ్లలో వేస్తారు. తర్వాత సూక్ష్మదర్శినిలో చూసి, ఏది ఎన్నో రాస్తారు. ఏ సీసా ఏ చోటుదో తెలియకపోతే అంత పనీ దండగే. అందుకని తేదీ, చోటు చీటీ మీద రాసి సీసా లోపలే వేస్తారు. ఆ చీటీ పెన్సిలుతో రాస్తారు. పెన్సిలు రాత నీటిలో చెరగదు.