తొలి బొంతకు చదరాలే మేలు

మనం బొంత అంటాం. కన్నడసీమలో కౌది, మరాఠీసీమలో గోధడి. పేరేదైనా పాతచీరలే దానికి ప్రాణం.

కొత్తగా కుట్టేవారు ముచ్చటపడి ముక్కోణపు ముక్కలతో మొదలుపెడతారు. ఏటవాలుగా కత్తిరించిన అంచు సాగుతుంది, మూలలు కలవవు. విసుగొచ్చి సగంలోనే మూటగట్టి అటకెక్కిస్తారు. అమ్మ చీరలు అలా వృథా కానివ్వకండి.

తొలిసారి చదరాలే ఎంచుకోండి. పసిబిడ్డకు సరిపడే బొంత చాలు. ఒకే మందం ఉన్న నూలుచీరల నుంచి ఆరున్నర అంగుళాల ముక్కలు 36 కత్తిరించండి. నలువైపులా పావు అంగుళం కుట్టుకు పోతుంది. వరుసకు 6 చొప్పున 6 వరుసలు కలిపితే గజం పొడవు, గజం వెడల్పు వస్తుంది. ముదురు రంగు పక్కన లేతరంగు ఉంచండి. అడుగున పాతపంచె ముడతల్లేకుండా పరచి, దగ్గరదగ్గరగా కుట్లు వేయండి.

ఇది పూర్తయితే, ముక్కోణాలకు ధైర్యం దానంతటదే వస్తుంది.