పిడుగు, ఏరియలు, మన మిద్దెలు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన కార్వేటినగరములో చందాదారుడైన యువకుడొకడు కేంద్ర ప్రభుత్వ అనుమతి పొంది, హామ్ రేడియో నడుపుటకు మిద్దెపై ఇనుపగడ నిలిపెను. అది పిడుగును పిలుచును, తీయవలసినదేనని వీధివారు పట్టుబట్టిరి. 2004 డిసెంబరు సునామీవేళ పోర్టుబ్లెయిరు నుండి వార్తలందించినవారు ఇట్టి రేడియోవారే యని అతని వాదము. ఇరుపక్షములును నన్నడిగినవి.

వీధివారి భయము అకారణము కాదు. 1753లో సెంటు పీటర్సుబర్గులో రిఖ్మన్ అను పండితుడు ఇంటిపై ఇనుపకడ్డీ నిలిపి, దాని తీగను గదిలోనికి తెచ్చెను; భూమిలోనికి మాత్రము దింపలేదు. పిడుగు తగిలి మరణించెను. పిడుగు దూరముననున్న గడను వెదకికొని రాదు. దాపున దిగునప్పుడు మాత్రము ఎత్తైనదానిని, గడయో కొబ్బరిచెట్టో, అందుకొనును. అప్పుడు దానికి దారి కావలెను.

కావున గడ మొదటినుండి వెడల్పాటి రాగిపట్టీని మెలికలు లేక దింపి, గోడ వెలుపల భూమిలో పాతిన కడ్డీలకు బిగింపవలెను. మెలికవద్ద పిడుగు పక్కకు దుముకవచ్చును. మన రాతినేల వేసవిలో ఎండిపోవును గనుక ఒక్క కడ్డీ చాలదు. ఎడమెడముగ మూడు నాలుగు పాతి, కలిపి, గుంతలలో నీరు పోయుచుండవలెను.

ఇచ్చట తరచు జరుగు పొరపాటొకటి గలదు. రేడియోకు వేరుగ ఎర్తు పెట్టి, ఇంటి కరెంటు ఎర్తుతో కలుపక విడుతురు. పిడుగునందు 30,000 ఆంపియర్ల ధార సాధారణము. ఎర్తు నిరోధము 10 ఓములే యైనను ఆ క్షణమున గడ ఎర్తు 3,00,000 వోల్టులకు లేచును. ఇంటి ఎర్తు క్రిందనే యుండును. ఆ తేడా రేడియో గుండా, దానిని పట్టుకొన్నవాని గుండా తీరును! రెండింటిని రాగితో కలిపినచో రెండును కలిసి లేచును. కోనేటిలో నీరెంత పెరిగినను తెప్పమీదివాడు మునుగడు గదా!

కేబులు ఇల్లు చొచ్చుచోట సర్జి అరెస్టరును, కేబులు పైపొరను అదే ఎర్తుకు బిగింపవలెను. ఇంత చేసినను ఉరుములవేళ రేడియో ముట్టరాదు. మబ్బు పట్టకమునుపే కేబులు ఊడదీసి వెలుపల విడువవలెను. మెరుపునకును ఉరుమునకును నడుమ 30 సెకండ్లే యున్నచో పిడుగు 10 కిలోమీటర్ల దూరముననే యున్నది. అప్పుడు ఊడదీయబోవుటయు అపాయమే. ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు నేనును తలతును. కేబులు మాత్రము అంతకుముందే ఊడదీసియుందును.

ఆ యువకుడు ప్రస్తుతము గడను దింపి, ఎర్తులు కలిపిన పిమ్మట మరల నిలుపుట మేలు. వీధివారు గుంతలు త్రవ్వునాడు వచ్చి చూడవచ్చును. అయితే ఆ గడ తమ ఇండ్లనుగూడ కాపాడునని తలపవద్దు.