జవాబు రాలేదంటే పని కాలేదని కాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వైద్య సహాయ నిధి నుంచి నిరుడు ఒకే బిల్లుకు రెండుసార్లు సొమ్ము ఎలా వెళ్ళిందో చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. ఆ సొమ్ము అందుకున్న సోదరిని గురించి కొందరు లేనిపోని మాటలన్నారు. తప్పు ఆమెది కాదు. మీట నొక్కిన కోశాధికారి గారిదీ కాదు. సర్వరును అమర్చిన నాది.

శాఖ కార్యాలయంలో కూర్చుని కేంద్ర కార్యాలయపు కంప్యూటరు చేత పని చేయించుకోవడాన్ని రిమోట్ ప్రొసీజర్ కాల్ అంటారు. జిరాక్స్ సంస్థ పరిశోధకులు ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లో ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు. పక్క బల్ల గుమాస్తాకు చెప్పినంత సులువుగా దూరపు యంత్రానికీ పని చెప్పాలన్నది అందులోని ఆలోచన. ఇలాంటి పిలుపులను వెబ్ దారిన పంపే ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ 1998లో వచ్చింది.

వెబ్ సర్వరు మన ఇన్‌వర్డు గుమాస్తా వంటిది. పేజీ అడిగితే బీరువాలోంచి తీసి ఇస్తుంది. చెల్లింపు రాయడం దాని పని కాదు. ఫలానా చిరునామాకు వచ్చిన పిలుపును వెనుకనున్న ప్రోగ్రాముకు అందజేయమని అమరిక ఫైలులో మనమే రాయాలి. నేను వాడిన ఎంజిన్‌ఎక్స్ సర్వరులో దానికి ‘ప్రాక్సీ పాస్’ అనే ఒక్క పంక్తి చాలు. ఆ ప్రోగ్రామును బయటివారు నేరుగా చేరుకోకుండా లోపలి చిరునామాకే పరిమితం చేయాలి. బయటికి 443 ద్వారం ఒక్కటే తెరిచి, రాకపోకలు రహస్య లిపిలో సాగేలా చూడాలి. ఇంతవరకు సక్రమంగానే చేశాను.

రెండు సంగతులు గమనించలేదు. ఈ సర్వరు మామూలుగా 1 మెగాబైటుకు మించిన కాగితాన్ని పుచ్చుకోదు, 413 అని తిప్పి పంపుతుంది. స్కాన్ చేసిన బిల్లులు అలాగే తిరిగొచ్చాయి. పరిమితి పెంచాను, సరిపోయింది.

రెండోది పెద్దది. వెనుక ప్రోగ్రాము 60 సెకన్లపాటు ఉలకక పలకక ఉంటే సర్వరు 504 అని జవాబిస్తుంది. దాని అర్థం పని కాలేదని కాదు, తనకు జవాబు అందలేదని మాత్రమే. ఆ రోజు ప్రోగ్రాము నెమ్మదిగానైనా చెల్లింపు రాసేసింది. 504 చూసిన కోశాధికారి గారు మళ్ళీ నొక్కారు. రెండో చెల్లింపూ పడింది.

గడువు పెంచితే సగం జబ్బే నయమవుతుంది, మధ్యలో లైను తెగితే మళ్ళీ అదే కథ. అసలు మందు మనకు సర్వీసులో అలవాటైనదే. జాబుకు జవాబు రాకపోతే రిమైండరు పంపేవాళ్ళం. అందులో పాత జాబు నంబరు తప్పక రాసేవాళ్ళం. లేకుంటే సెక్షనులో కొత్త ఫైలు పుట్టేది! ఇప్పుడు శాఖ నుంచి వెళ్ళే ప్రతి బిల్లుకూ ముందుగానే ఒక నంబరు పడుతుంది. ఎన్నిసార్లు పంపినా అదే నంబరు. నంబరూ చెల్లింపూ పద్దులో ఒకేసారి నమోదవుతాయి. అదే నంబరు మళ్ళీ వస్తే ప్రోగ్రాము పాత జవాబే ఇస్తుంది, సొమ్ము ఇవ్వదు. పోయిన నెల కావాలనే మధ్యలో తీగ పీకి, ఒకే బిల్లును మూడుసార్లు పంపి చూశాం. పద్దులో ఒక్క చెల్లింపే పడింది.

మీ పిల్లలు మీ తరఫున సొమ్ము పంపేటప్పుడు జవాబు రాకుండా ఆగిపోతే, వెంటనే మళ్ళీ నొక్కవద్దని చెప్పండి. ముందు ఖాతా చూసుకోమనండి.

చివరిగా ఒక్క మాట. అదనంగా వచ్చిన సొమ్మును ఆ సోదరి ఎవరూ అడగకముందే తిరిగి కట్టారు. రసీదు మన ఫైలులో ఉంది. మాటలన్నవారు దయచేసి వచ్చి చూడండి. ఆమెకు ఈ సభాముఖంగా నా క్షమాపణ తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.